తుప్పు కూడా పాఠమే!

ఒక సైన్సు ప్రదర్శనలో మా విద్యార్థి రైల్వేస్టేషను నమూనా పెట్టాడు. పట్టాల పక్కలకు తుప్పురంగు, గోడలకు వానచారలు వేశాడు. "మురికిగా ఉంది" అన్నారు న్యాయనిర్ణేతలు. కొత్తరంగులతో మెరిసే నమూనాకు బహుమతి ఇచ్చారు. అది సరికాదని నా అభిప్రాయం.

నడికుడి-మాచర్ల శాఖామార్గంలో ఏ స్టేషనుకైనా వెళ్ళి, ప్లాట్‌ఫారం మీదనుంచే పట్టాలను చూడండి. చక్రాలు ఒరిసే పైభాగం తళతళలాడుతుంది. గాలి, తేమ తగిలే పక్కలు తుప్పుపట్టి ఉంటాయి. ఎందుకు? ఆ విద్యార్థి ఇదే ప్రశ్న వేసుకున్నాడు.

బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. 87వ వంతుకు తగ్గిస్తే సుమారు 19. ఈ లెక్క ఎవరైనా చేయగలరు. మరక ఎక్కడ పడుతుందో మాత్రం కళ్ళారా చూసినవారికే తెలుస్తుంది. పిల్లలూ, ముందు చూడండి. తరువాతే రంగు పూయండి. బహుమతి రాకపోయినా సైన్సు వస్తుంది!