పట్టా మెడకా, ఛాతీకా?

మొన్న జుమా నమాజ్ అయ్యాక జంగారెడ్డిగూడెంలో ఆపా ఇంటికి వెళ్లాను. భాంజా చేతిలో పొమేరియన్ పిల్ల. మెడకి ఎర్ర బెల్టు, బెల్టుకి గజ్జెలు. గుమ్మం దాటగానే అది ముందుకి ఉరికింది, వీడు వెనక్కి లాగాడు. ఒకటే దగ్గు, కొల్లేటి గట్టు మీద బాతులు అరిచినట్టు. "చేప ముల్లు గుచ్చుకుంది మామూ" అన్నాడు వాడు. "గలీలో దుమ్ము" అంది ఆపా. పశువుల డాక్టర్‌గారు మాత్రం దవా రాసే ముందు బెల్టు విప్పించారు.

పొమేరియన్, పగ్, చువావా లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం కొన్నిటికి పుట్టుకతోనే బలహీనం. దాన్ని తెరిచి ఉంచే మెత్తటి ఎముకలు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. అవి వంగిపోతే గాలి దారి ఇరుకైపోతుంది. ఈ జబ్బు బెల్టు వల్లే పుట్టదు గానీ, మెడ పట్టి లాగిన ప్రతిసారీ ముదురుతుంది. పగ్‌కైతే ముక్కు చప్పిడి, ఊపిరి ముందే తక్కువ. మెడ మీద ఒత్తిడి పడితే కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుందని 2006లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. అదే కుక్కలు హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదు.

ఇది మనకి కొత్త సంగతి కాదు. జట్కావాలాలు గుర్రానికి సాజు కట్టేటప్పుడు బరువు ఛాతీ మీద, భుజాల మీద పడేలా చూసుకునేవాళ్లు. గొంతు నొక్కుకుంటే గుర్రం బండి ఏం లాగుతుంది?

కాబట్టి నా మాట ఇది: చిన్న కుక్కని నడకకి తీసుకెళ్లాలంటే హార్నెస్సే. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి కొనండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, చంకల్లో ఒరుసుకోకూడదు. మరీ వదులైతే వెనక్కి జారి తప్పించుకుంటుంది. పిల్ల పెరుగుతుంది గనక నెలనెలా సరిచూడండి. మన ఎండలకి ఇంట్లో విప్పేయండి, తడిస్తే ఆరబెట్టండి. హార్నెస్ వేస్తే కుక్క ఇంకా లాగుతుందంటారు. నిజమే, కొన్ని లాగుతాయి. లాగినప్పుడు మీరు ఆగిపోండి, తాడు వదులయ్యాకే అడుగు వేయండి. నాలుగు రోజుల సబర్ చాలు. మెడబెల్టు కూడా వదులుగా ఉంచండి, ఫోన్ నంబర్ బిళ్ల తగిలించడానికి. తప్పిపోతే ఇంటికి చేర్చేది అదే.

ఇక మన ఇళ్లలో అసలు మసలా. కుక్క నాపాక్ కదా, ఇంట్లోకి ఎలా రానిస్తాం అంటారు. దాని లాలాజలం గురించి హనఫీ, షాఫయీ, మాలికీ ఉలమాల మధ్య తేడాలున్నాయి. కాపలాకీ, వేటకీ, పశువులకీ హదీసులో ఇజాజత్ ఉంది. షౌక్ కోసం పెంచడం గురించి మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి, నేను ముఫ్తీని కాను. కానీ నేను చూస్తున్నది వేరే. పిల్లల జిద్ కోసం కుక్కని తెస్తాం, నాపాక్ అని పెరట్లో బారెడు గొలుసుకి కట్టేస్తాం, రోజంతా అటు చూడం. పాకీ పేరు చెప్పి చేసే జుల్మ్ ఇది. దాహంతో ఉన్న కుక్కకి తన మేజోడుతో నీళ్లు తోడిపోసిన మనిషికి మగ్ఫిరత్ దొరికిందని చెప్పిన దీన్ మనది. అస్‌హాబె కహ్ఫ్ గుహ గుమ్మంలో కాళ్లు చాపుకుని పడుకున్న కుక్కని ఖుర్ఆన్ గుర్తు పెట్టుకుంది. దేశ కానూన్ కూడా ఉంది: 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మరీ పొట్టి గొలుసుకో, మరీ బరువు గొలుసుకో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని నడిపించకపోవడం కూడా నేరమే.

తేవాలా వద్దా అన్నది తెచ్చే ముందే తేల్చుకోండి. తెచ్చాక దాని హక్ మీ మీద ఉంటుంది.

ఉర్దూలో పట్టా అంటే కుక్క మెడబెల్టు, తెలుగులో భూమి హక్కు కాగితం. మెడలో పట్టా వేశాం కదా, ఇక మన జాగీర్ అనుకుంటాం. అది జాగీర్ కాదు, అమానత్. భాంజా ఇప్పుడు హార్నెస్ కొన్నాడు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది. గజ్జెలు మాత్రం ఆపా దాచేసింది.