సమ్మర్‌లో అమెరికా ఉద్యోగం: జే-1 వీసా ఎవరికి? షరతులేంటి?

‘వేసవి సెలవుల్లో అమెరికా వెళ్లి సంపాదించుకో’ అని లాల్‌దర్వాజాలో డిగ్రీ చదివే విద్యార్థికి ఏజెంట్ చెబితే, నమ్మి డబ్బు కట్టొచ్చా? జే-1 వీసాలో ‘సమ్మర్ వర్క్ ట్రావెల్’ విభాగం నిజంగానే ఉంది. కానీ షరతులు గట్టివి.

ఎవరు అర్హులు?
అమెరికా బయట కాలేజీలో ఫుల్‌టైమ్ చదువుతూ, కనీసం ఒక సెమిస్టర్ పూర్తిచేసినవారు. ఇప్పటికే అక్కడ ఎఫ్-1 వీసాపై చదువుతున్నవారికి ఇది వర్తించదు.

ఎన్నాళ్లు?
గరిష్ఠంగా 4 నెలలు. అదీ సొంత కాలేజీ వేసవి సెలవుల్లోనే. అసలు చిక్కు ఇక్కడే. సెలవులు రెండు నెలలే అయితే గడువూ అంతే. విమాన ఛార్జీ, ఫీజులు మాత్రం తగ్గవు. సంపాదన లెక్క ముందే వేసుకోవాలి.

ఏ పని?
భారతీయులకు ముందే ఉద్యోగం ఖరారవ్వాలి. ఇళ్లలో పనికి, ప్రధానంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఉండే షిఫ్టులకు పెట్టకూడదు.

ఏం చూసుకోవాలి?
వీసాకు అవసరమైన డీఎస్-2019 పత్రాన్ని అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్లే ఇవ్వాలి. ఆ శాఖ వెబ్‌సైట్‌లోని జాబితాలో స్పాన్సర్ పేరు సరిచూసుకోండి. 2025 జూన్ నుంచి జే వీసా దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలి. వీసా నిర్ణయం కాన్సులేట్‌దే. ‘గ్యారంటీ’ అనే ఏజెంట్‌కు దూరంగా ఉండండి.