చేతుల మంటకు ట్యూబు మందు పరిష్కారం కాదు

సత్యవేడు, తడ, వరదయ్యపాళెం ప్రాంతాల నుంచి శ్రీ సిటీ కర్మాగారాలకు వెళ్లేవారు మీ ఇంట్లో ఉంటే, సెలవు రోజున వారి చేతులను ఒకసారి గమనించండి. షిఫ్టు పొడవునా రబ్బరు గ్లౌజుల్లో చెమటపట్టి, పదేపదే సబ్బునీటిలో నానే చేతులుంటాయి కొందరికి. వేళ్ల సందులు ఎర్రబడి మండితే మందుల దుకాణంలో అడిగి ఒక ట్యూబు కొని పూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటుపైనే నా అభ్యంతరం.

రోగనిరోధక వ్యవస్థలో కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల వంటి ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. అవి రోగం వచ్చినప్పుడే పుడతాయనుకోవడం పొరపాటు. ఆరోగ్యవంతుల చర్మంలో కూడా పైపొర కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా అనే సైటోకైన్‌ను తమలో నిల్వ ఉంచుకుంటాయి. సబ్బు పైపొరలోని కొవ్వును కడిగివేయగానే అది బయటపడి, కొత్త కొవ్వు తయారీకి తోడ్పడుతుంది. ఈ మరమ్మతు పూర్తికావడానికి సుమారు 3 రోజులు పడుతుంది. కానీ మరునాడే మళ్లీ అదే సబ్బు, అదే గ్లౌజు! అప్పుడు కబుర్లు ఆగవు. రక్తం నుంచి తెల్లకణాలు వచ్చి చేరతాయి, వాపు, దురద మొదలవుతాయి. అలెర్జీ స్వభావం ఉన్నవారిలో ఇంటర్‌ల్యూకిన్-4, 13 పెరిగి, చర్మానికి పటుత్వమిచ్చే ఫిలాగ్రిన్ తయారీని తగ్గిస్తాయి. రక్షణ కోసం వచ్చిన కబురే రక్షణను బలహీనపరుస్తుందన్నమాట.

దుకాణంలో ఇచ్చే ట్యూబులో తరచు ఉండేది క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్. అది ఈ కబుర్లన్నిటినీ ఒక్కసారిగా అణచివేస్తుంది. రెండు రోజుల్లో మంట తగ్గుతుంది, అసలు ప్రమాదం అదే. వాడకం కొనసాగితే కొవ్వు తయారీ మందగించి చర్మం పలచబడుతుంది. ఉన్నది తామర అయితే చాటుగా పాకుతుంది. స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనను. వైద్యుడు చూసి, ఇన్ని రోజులని చెప్పి రాస్తే దానంత మేలు చేసేవి తక్కువ. వైద్యుని చీటీపైనే వీటిని అమ్మాలని కేంద్రం 2018లో నిబంధన బిగించింది. మన వీధి చివరి దుకాణాలకు ఆ సంగతి చేరినట్లు లేదు.

రాత్రి చేతులు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజిలీన్ రాసుకోండి. రబ్బరును అది పాడుచేస్తుంది కనుక గ్లౌజుల కింద వద్దు. పని నియమాలు ఒప్పుకుంటే లోపల పలుచని నూలు గ్లౌజులు వేసుకోండి. సబ్బు పెట్టిన చోటే జిడ్డులేని తేమపూత కూడా ఉంచడం యాజమాన్యాలకు పెద్ద ఖర్చు కాదు, కార్మికులు అడగాలి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోతే తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల వైద్యులకు చూపించండి. రబ్బరులోని రసాయనాలే పడకపోవచ్చు. వెళ్లేటప్పుడు వాడిన గ్లౌజును, పూసుకున్న ట్యూబును వెంట తీసుకెళ్లండి.