గిటారు సత్యం, యంత్రం మిథ్యా?

రాక్ సంగీతాభిమానులలో ఒక విచిత్రమైన అద్వైతం ప్రబలి ఉంది. గిటారు సత్యం, యంత్రం మిథ్య. తీగ మీటినవాడు నిజాయితీపరుడు, మీట నొక్కినవాడు అమ్ముడుపోయినవాడు. ఈ సిద్ధాంతానికి బలైపోయిన మంచి ఆల్బమ్‌లలో జూలియన్ కాసాబ్లాంకస్ 2009లో వెలువరించిన 'ఫ్రేజెస్ ఫర్ ది యంగ్' ఒకటి. "గాయకుడు మంచివాడే, పాపం సింథసైజర్ల పాలబడ్డాడు" అన్న నిట్టూర్పు ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెవిన పడుతూనే ఉంది. అందుకే ఈ టపా.

పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. కాసాబ్లాంకస్ న్యూయార్క్‌కు చెందిన 'ది స్ట్రోక్స్' బృందపు గాయకుడు. 2001లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ 'ఈజ్ దిస్ ఇట్'లో రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్ములు, ఒక గొంతు, అంతే. ఆ పొదుపే వారికి కీర్తి తెచ్చింది. ఎనిమిదేళ్ళకు అదే గాయకుడు ఒంటరిగా, ఎనిమిది పాటలతో, సింథసైజర్లనూ యంత్రపు తాళాలనూ పాప్ వరుసలనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆల్బమ్ పేరును ఆస్కార్ వైల్డ్ యువకుల కోసం 1894లో ప్రకటించిన సూక్తుల శీర్షిక నుంచి, ఒక అక్షరం కావాలనే వంకర చేసి తెచ్చుకున్నాడు.

యంత్రాల వల్ల ఆ తొలి ఆల్బమ్‌లోని పచ్చిదనం పోయిందని అభియోగం. ఆ పచ్చిదనం ఎలా పుట్టిందో అభియోక్తలు ఎన్నడైనా విచారించారా? గోర్డన్ రాఫెల్ అనే నిర్మాత నేలమాళిగ స్టూడియోలో దాన్ని రికార్డు చేశాడు. డ్రమ్ములు యంత్రం వాయించినట్లు వినబడాలని పట్టుబట్టి అలా వాయింపజేశారు. గొంతును చిన్న ఆంప్లిఫయర్ గుండా పంపి కావాలనే గరుకు చేశారు. అంటే ఆ 'సహజత్వం' ఓపికగా తయారుచేసిన వస్తువు. 2001లో మనిషి యంత్రంలా వాయిస్తే సహజం. 2009లో యంత్రమే యంత్రంలా వాయిస్తే కృత్రిమం! ఈ తర్కం నా బుద్ధికి అందదు.

అసలు ఈ గిటారుకు ఇంత పవిత్రత ఎక్కడిది? 1965లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టినందుకు సభలో గోల చేశారు. మరుసటి ఏడు మాంచెస్టర్‌లో ఒక శ్రోత అతణ్ణి జూడాస్ అన్నాడు. నాటి ద్రోహమే నేటి మడిబట్ట. మనకూ తెలియని కథ కాదిది. మన పాలకొల్లు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌తో కచేరీకి కూర్చున్నప్పుడు దాని మీద గమకాలు పలుకుతాయా అని పెదవి విరిచినవారున్నారు. పలికించాక ఆ వాద్యమే ఆయన ఇంటిపేరైంది.

ఇక 'లడ్‌లో స్ట్రీట్' అనే పాటకు వస్తాను. నా వాదమంతా దీని మీదే నిలబడింది. లడ్‌లో వీధి మన్‌హాటన్ ఆగ్నేయ భాగంలోనిది. స్ట్రోక్స్ తొలినాళ్ళలో పాడిన మెర్క్యురీ లౌంజ్ దానికి కూతవేటు దూరం. డబ్బున్నవాళ్ళు వచ్చి చేరగా పాత ముఖాలు మాయమైపోతున్న వీధి గురించి తాగినవాడి గొంతుతో సాగే విలాపం ఇది. అక్కడితో ఆగితే సగటు పాటే అయ్యేది. కాని కవి వెనక్కి, 1624 దాకా వెళ్ళి, ఆ నేల మీది లెనాపీ ఆదివాసులను వెళ్ళగొట్టిన సంగతి ఎత్తుతాడు. తన వీధి పోయిందని ఏడ్చేవాడి కాళ్ళకింద అంతకుముందే పోగొట్టుకున్నవారి నేల ఉంది. ఇప్పుడు సంగీతం గమనించండి. పైన అమెరికా పల్లెపాటల పాత బాణీ, కింద నిర్విరామంగా టకటకలాడే యంత్రం. పాత వరుసను కొత్త తాళం తరుముతూ ఉంటుంది. పాట చెప్పే సంగతే అది కదా! ఆ యంత్రాన్ని తీసేసి నాలుగు గిటార్లు పెట్టమనేవారు పాట వినలేదన్నమాట.

'ఇలెవెన్త్ డైమెన్షన్'ను డిస్కో అని కొట్టిపారేశారు. చిందేయించే కీబోర్డు వరుస మీద అంత చేదు మాటలు పెట్టడంలోని వ్యంగ్యం వారికి అందలేదేమో.

తమాషా ఏమంటే, 2013లో ఇదే గొంతు డాఫ్ట్ పంక్ వారి యంత్రాల మధ్య పాడితే లోకం మెచ్చింది. 2020లో స్ట్రోక్స్ వారే సింథసైజర్లు దండిగా దట్టించి 'ది న్యూ అబ్నార్మల్' తెచ్చారు. 2021లో దానికి ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఉత్తమ *రాక్* ఆల్బమ్! అప్పుడు ఎవరూ మిథ్య అనలేదు.

తప్పు పట్టి తీరాలనుకుంటే నిడివిని పట్టండి, నేనూ మీతో వస్తాను. తొలి ఆల్బమ్‌లో పదకొండు పాటలు సుమారు 36 నిమిషాల్లో ముగిశాయి. ఇక్కడ ఎనిమిదింటికే 40 నిమిషాలు. 'ఫోర్ కార్డ్స్ ఆఫ్ ది అపోకలిప్స్'లో ఒక నిమిషం తగ్గించినా నష్టం లేదు. అన్నిటికన్నా పొడుగైన పాటల్లో ఒకటైనా సరే, 'లడ్‌లో స్ట్రీట్' మీద మాత్రం కత్తెర పడనివ్వను.