ఒకే మడిలో రెండు కూలి రేట్లా?

యాసంగి వరి పొట్టకు వచ్చింది. సిద్దిపేట జిల్లాలో ఈ పంట ఇక్కడిదాకా రావడానికి వంగి నాటు వేసింది, కలుపు తీసింది ఎక్కువగా ఆడవాళ్ళే. అంతకు ముందు పత్తి ఏరింది, మక్క కంకులు విరిచింది కూడా వాళ్ళే. గజ్వేల్, వర్గల్, ములుగు వైపు కూరగాయ తోటల్లో తెల్లారక ముందే కోతకు దిగేది వాళ్ళే. దుబ్బాక వైపు పొద్దంతా కైకిలి చేసి వచ్చి, దీపం పెట్టాక బీడీల చాట ఒళ్ళో పెట్టుకునేది కూడా వాళ్ళే. ఇంత చేసినా సాయంత్రం కూలి లెక్క దగ్గరికి వచ్చేసరికి మన ఊళ్ళల్లో రెండు రేట్లు నడుస్తాయి. మగ కూలి ఒకటి, ఆడ కూలి ఒకటి. ఆడ కూలి ఎప్పుడూ తక్కువే.

మార్చి 8 వస్తే శాలువాలు, సన్మానాలు ఉంటాయి. పైగా ఈ 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఉపన్యాసాలకు కొదవ ఉండదు. రైతు సంఘంగా మనం మాట్లాడవలసింది మాత్రం మన మడి గట్టు మీద నడుస్తున్న ఈ రెండు రేట్ల గురించి. ఇది కష్టమైన మాట. ఎందుకంటే ఇక్కడ కూలి ఇచ్చేది ఏ కంపెనీ యజమానో కాదు. రెండు మూడు ఎకరాల మన రైతే.

చట్టం ఏం చెబుతున్నదో ముందు చూద్దాం. స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం దక్కేలా ప్రభుత్వం విధానాలు ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణ చెప్పింది. ఇదే సూత్రం మీద 1951లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందాన్ని మన దేశం 1958లో ఆమోదించింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి, లేదా ఒకే తీరు పనికి ఆడ, మగ తేడాతో వేతనం ఇవ్వరాదని అది చెప్పింది. సమానం చేసే పేరుతో మగవాళ్ళ కూలి తగ్గించడం కూడా కుదరదని స్పష్టం చేసింది. ఆ చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. లేబర్ కోడ్‌ల మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు అనేకం ఉన్నా, ఈ సూత్రం మాత్రం అందులోనూ మిగిలింది. అంటే యాభై ఏళ్ళుగా చట్టం ఉంది. మడిలో మాత్రం అమలు లేదు.

ఎందుకు తక్కువ అని అడిగితే మొదట వచ్చే జవాబు, 'ఆడవాళ్ళది తేలిక పని' అని. నాటు తేలిక పనా? మోకాలి లోతు బురదలో, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నడుము వంచి, వెనక్కి అడుగులు వేస్తూ చేసే పని అది. కాలి వేళ్ళ సందులు ఒరుసుకుపోతాయి. నడుము నొప్పికి గోళీలు మింగుతూ మళ్ళీ తెల్లారి దిగుతారు. నాటు ఆడవాళ్ళ పని అని తరతరాలుగా అన్నాం. ఈ నాలుగైదేళ్ళుగా బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన మగ కూలీల ముఠాలు అదే నాటు వేస్తున్నాయి. వాళ్ళతో ఎకరాకు ఇంత అని గుత్త మాట్లాడుతున్నాం. 'మంచి పనోళ్ళు' అని మెచ్చుకుంటున్నాం. మగవాడు చేస్తే నైపుణ్యం అయిన పని, ఆడది చేస్తే తేలిక పని ఎట్లా అవుతుంది? కాళేశ్వరం కాలువలు, రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్, మల్లన్నసాగర్ వచ్చాక జిల్లాలో వరి పెరిగింది. నాటుకు మనుషులు దొరకడం లేదని మనమే అంటున్నాం. దొరకని చేతులకు విలువ పెరగాలి కదా!

రెండో జవాబు, 'మగవాళ్ళు ముందు వస్తారు, ఎక్కువ సేపు చేస్తారు' అని. గంటల్లో తేడా ఉంటే గంటల లెక్కన ఇద్దాం. అందులో తప్పు లేదు. కానీ ఎనిమిది గంటలు చేసిన ఇద్దరిలో ఒకరికి తక్కువ ఇవ్వడం గంటల లెక్క కాదు, ఆడ మగ లెక్క. ఇంకో సంగతి కూడా మనకు తెలిసిందే. ఆడవాళ్ళు పదిమంది కలిసి గుత్తకు పట్టుకుంటే రోజు కూలి కంటే ఎక్కువే గిట్టించుకుంటారు. చేతులు అవే, మడి అదే. పని కొలిచి ఇచ్చినప్పుడు వాళ్ళ విలువ బయటపడుతున్నది. మనిషిని చూసి ఇచ్చినప్పుడు పడిపోతున్నది.

మూడో జవాబు అన్నిటికంటే బరువైనది. 'మాకే గిట్టుబాటు లేదు, కూలి ఎక్కడి నుంచి పెంచాలి?' ఈ మాటను మేము కొట్టిపారేయం. ఎరువు, మందు, ట్రాక్టర్ కిరాయి, హార్వెస్టర్ కిరాయి, అన్నీ కట్టాక రైతు చేతిలో మిగిలేది ఎంతో మాకు తెలుసు. అందుకే లెక్క వేసి చూద్దాం. ఆడ మగ కూలి తేడా రోజుకు 150 రూపాయలు అనుకుందాం. ఒక ఎకరం వరికి నాటు, కలుపు కలిపి ఆడవాళ్ళ పని 10 కూలి దినాలు అనుకుందాం. తేడా సరిచేస్తే ఎకరాకు పడే భారం 1,500. ఎకరాకు 22 క్వింటాళ్ళు పండితే క్వింటాలుకు 70 రూపాయల లోపు. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కాంటా దగ్గర క్వింటాలుకు 3 కిలోలు తరుగు తీస్తే పోయేది 71 రూపాయలు. అంటే తరుగు పేరుతో మన నుంచి కోసుకునే దాని మీద గట్టిగా కొట్లాడి ఆపితే, ఆడ కూలి సమానం చేయడానికి సరిపోతుంది. పైవాడు మన దగ్గర కోస్తే మనం మన కంటే బలహీనుల దగ్గర కోస్తున్నాం. ఈ గొలుసు తెగాలి.

అదే తేడాను కూలికి పోయే ఆమె వైపు నుంచి చూడండి. ఏడాదిలో 100 రోజులు పని దొరికితే ఆమె నష్టపోయేది 15,000 రూపాయలు. ఎకరం ఉన్న రైతుకు ఏడాది రైతు భరోసా 12,000. అంతకంటే ఎక్కువ సొమ్మును ఆడమనిషి అయిన పాపానికి ఆమె ఏటా వదులుకుంటున్నది. ఆమె ఎవరో కాదు. ఎక్కువ ఇళ్ళల్లో ఆమె చిన్న రైతు భార్యే. సొంత చెలకలో పని అయిపోగానే పక్క రైతు మడికి కూలికి పోయేది మన ఇంటి ఆడవాళ్ళే. ఆడ కూలి తగ్గించి మనం మిగిలించుకున్నది మన ఇంటికే రాకుండా పోతున్నది.

మద్దతు ధర లెక్కలోనూ ఈ దెబ్బ ఉంది. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చు లెక్కించేటప్పుడు కూలీలకు ఇచ్చిన డబ్బును, ఇంటివాళ్ళ శ్రమకు కట్టిన వెలను కలుపుతుంది. ఊళ్ళల్లో నడిచే కూలి రేట్లు ఆ వెలకు ఒక ఆధారం. ఆడవాళ్ళ శ్రమ చవక అని మనమే ఒప్పుకుంటే సాగు ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. సమగ్ర ఖర్చుకు యాభై శాతం కలిపి ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి అడుగుతున్న మనం, ఆ ఖర్చులో సగం మంది శ్రమను తక్కువ కట్టి అడిగితే నష్టపోయేది మనమే.

ఒకే రేటు ఇవ్వడం అసాధ్యం అనే వాళ్ళకు మన కళ్ళ ముందటి రుజువు ఉపాధి హామీ. 2006లో ఆ పథకం మొదట వచ్చిన జిల్లాల్లో పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడూ ఉన్నాయి. ఆ మూడింటి నుంచి విడదీసిన మండలాలతోనే 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడింది. అందులో ఆడ రేటు, మగ రేటు లేదు. కొలతకు కూలి. 2025-26లో తెలంగాణ రేటు రోజుకు 307 రూపాయలు, అందరికీ అదే. పని చూసుకుంటూ పోయే ఆడవాళ్ళకు 'ఇంతకు తక్కువైతే రాను' అనే ధైర్యం ఇచ్చింది ఆ పథకమే. 2025 డిసెంబరులో కేంద్రం దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. 125 రోజులు అని చెబుతూనే, సాగు పనుల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టింది. రైతుకు మేలు అని దీన్ని చూపిస్తున్నారు. సీజన్‌లో పనులు ఆపమని మన రైతులు కొందరు అడిగిన మాట నిజం. కానీ కూలి మనిషికి ఇంకో దారి మూసి తక్కువకు రప్పించుకోవడం రైతు సమస్యకు పరిష్కారం కాదు. సాగు పనులకు ప్రభుత్వమే కూలిలో వాటా భరించాలని అడగడం పరిష్కారం.

కూలి ఒక్కటే కాదు, గుర్తింపు కూడా సమానం కావాలి. గ్రామాల్లో పని చేస్తున్న ఆడవాళ్ళలో నూటికి 76 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారని కేంద్ర ప్రభుత్వ 2023-24 శ్రామిక సర్వే చెప్పింది. మగవాళ్ళలో ఇది సగం లోపే. కానీ 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ చేతిలోని కమతాలు నూటికి 14 మాత్రమే. పట్టా లేకపోతే రైతు భరోసా లేదు, 5 లక్షల రైతు బీమా లేదు. నలభై ఏళ్ళు చెలకలో పని చేసిన తల్లి కన్నుమూస్తే ప్రభుత్వ పుస్తకంలో ఆమె రైతే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో వాటా హక్కు చట్టంగా ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా 'పెళ్ళి చేసి పంపినం కదా' అనే ఒక్క మాటతో ఆ వాటా ఆగిపోతున్నది. ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన మహిళా రైతుల హక్కుల బిల్లు చర్చకు నోచుకోకుండానే మురిగిపోయింది.

ఇది మన దగ్గరి జాడ్యమే కాదు. వ్యవసాయ కూలి పనుల్లో పురుషుడు 100 సంపాదించే చోట స్త్రీకి దక్కేది 82 అని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక చెప్పింది. కానీ తేడా దానంతట అది పోయిన చోటు లేదు. ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబరు 24న ఆడవాళ్ళు ఇంటి పని, బయటి పని అన్నీ ఆపేశారు. దేశం ఆగింది. మరుసటి ఏడాదే అక్కడ సమానత్వ చట్టం వచ్చింది. మనకు అంత దూరం పోవలసిన పని లేదు. పండించిన పంట దొర గడీకి పోకుండా అడ్డం నిలిచిన చాకలి ఐలమ్మ ఈ నేల బిడ్డ. వెట్టి పోదు అని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. పోయింది.

అందుకే మన సంఘం గ్రామ శాఖలకు మేము చెప్పేది ఇది. వానాకాలం పనులు మొదలయ్యే లోపే రైతులు, కూలీలు కలిసి ఊరి కూర్చోలు పెట్టాలి. ఆడ రేటు, మగ రేటు అనే మాట తీసేసి, నాటుకు ఇంత, కలుపుకు ఇంత, పత్తి కిలోకు ఇంత, బస్తా మోతకు ఇంత అని పనికి రేటు రాసుకోవాలి. ఆ కూర్చోలో ఆడవాళ్ళు సగం మంది ఉండాలి, మాట్లాడాలి. మగవాళ్ళ కూలి తగ్గించే మాట రానివ్వొద్దు. ఒక్కసారి కుదరని ఊళ్ళో రెండు సీజన్లలో తేడా మొత్తం పోయేలా మెట్టు మెట్టుగా అయినా ఒప్పందం చేసుకోవాలి. ముందు మన సంఘం నాయకుల మడుల్లో ఇది మొదలు కావాలి. కొత్తగా పాస్‌బుక్ చేయించుకునే ప్రతి సభ్యుడు భార్య పేరు, బిడ్డ పేరు ఆలోచించాలి. ప్రభుత్వం నుంచి తరుగు దోపిడీ ఆపడం, సమగ్ర ఖర్చు మీద మద్దతు ధర, పట్టా లేని మహిళా రైతుకు, కౌలు రైతుకు బీమా డిమాండ్ చేద్దాం.

రైతు గిట్టుబాటు ధర అడిగేది తన కష్టానికి తగ్గ వెల కావాలనే. ఆ మాట మనం ప్రభుత్వం ముందు నిలబడి గట్టిగా అడగాలంటే, సాయంత్రం మన గట్టు మీద చేయి చాచిన అక్కకు, చెల్లెకు ముందుగా ఆ వెల ఇచ్చి ఉండాలి.