వీధికి కూడ నాడి చూడవలెను

మనలో నొకరికి మతి చలించిన గ్రహచారమందుము, గాలి సోకినదందుము; చదువుకొన్నవారమైనచో మనోదౌర్బల్యమందుము. ఆ దీనుడు కాపురముండు వీధిని మాత్ర మెవ్వరును విచారింపరు.

2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే, విషాదము, ఆందోళన మొదలగు చిత్తవ్యాధులు మహానగరములందు ఇంచుమించు రెండు మూడు రెట్లధికమని తేల్చెను. ఆ పండ్రెండింటిలో తెలంగాణము లేదు. మన అలియాబాదు 2025లో పురపాలక సంఘమయ్యెను. మహానగరము మన గడపకు వచ్చుచున్నది. పొలములు ప్లాట్లగు చోట ఇరుగుపొరుగే యపరిచితులగుదురు. ఇంటిపన్నుకై గడపలు లెక్కించు సంఘము, నిద్రపట్టనివారెందఱు, ఆపదలో పలుకరించు దిక్కులేనివారెందఱు, త్రాగుడుచే చెడిన సంసారములెన్ని యని, పేర్లు బయలుపఱుపక, వీధి వీధికి నేల లెక్కింపరాదు?

“ఒకే వీధిలో నొకనికి పట్టిన పిచ్చి పదుగురికి పట్టలేదే!” యని యాక్షేపింతురు. దోమ కుట్టినవారందఱికిని చలిజ్వరము రాదు. అయినను 1897లో సికిందరాబాదున రొనాల్డు రాసు దోమ గుట్టు బయటపెట్టిన పిమ్మట, మురుగుగుంటను విడిచి రోగిని నిందించువాని నేమందుము?

వ్యాధినివారణ కార్యక్రమములు ప్రభుత్వమునకు విధియని 2017 నాటి మానసికారోగ్య చట్టము చెప్పుచున్నది. కారణమెఱుగక నివారణమెట్లు? ఎఱ్ఱగడ్డ ఆసుపత్రిలో పడకలు పెంచుడు, వలదనను; కాని యచ్చటికి జనులను పంపుచున్న వీధులను ముందు పరీక్షింపుడు.