పారలు ప్రజలకు, పరవానాలు పరిశ్రమలకు

పరిశ్రమల కాలువ కలిసే వాగు పక్కన పొలం ఉన్న రైతు, సీసా నిండా నల్లనీళ్లు పట్టుకొని కలెక్టరు కార్యాలయం మెట్లెక్కడం మన దేశంలో కొత్త దృశ్యమేమీ కాదు. అధికారి ఆ సీసాను వెలుతురులోకి ఎత్తి చూస్తాడు, మూత తీసి ముఖం చిట్లిస్తాడు, ‘పరిశీలిస్తాం’ అంటాడు. శిక్ష పడవలసిన కేసులో ఆ సీసాకు ఎంత విలువ ఉందో మాత్రం రైతుకు ఎవరూ చెప్పరు. దాదాపు ఏమీ లేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం నమూనాను కాలుష్య నియంత్రణ మండలి అధికారి తీయాలి. అక్కడికక్కడే పరిశ్రమ బాధ్యుడికి నోటీసు ఇవ్వాలి. అతడు కోరితే అతడి ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టి ప్రయోగశాలకు పంపాలి. ఈ తంతు జరగని నమూనా విశ్లేషణ సాక్ష్యంగా చెల్లదు.

ఆ చట్టం వచ్చిన రెండేళ్లకు, 1976లో, 42వ రాజ్యాంగ సవరణ పౌరులకు ప్రాథమిక విధులను నిర్దేశించింది. అడవులను, సరస్సులను, నదులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని 51ఎ అధికరణం చెబుతోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి. వాగును కాపాడటం నీ విధి. వాగు చెడిపోయిందని రుజువు చేయడం మాత్రం నీ వల్ల అయ్యే పని కాదు. దేశంలో నీటిని కాపాడే ప్రజలకు కొరత లేదు. వాళ్ల చేతిలో పార పెట్టి, అధికారాన్ని అందకుండా దాచిన రాజ్యమే మన సమస్య. ‘ప్రజా భాగస్వామ్యం’ అని ప్రభుత్వాలు ముద్దుగా పిలుచుకునే దానికి అసలు అర్థం ఇదే.

పంజాబ్‌లోని కాలీ బేయీ కథ చూద్దాం. గురునానక్ జీవితంతో ముడిపడి, సుల్తాన్‌పూర్ లోధీ మీదుగా పారే ఆ ఏరు సుమారు 160 కిలోమీటర్ల పొడవునా ఊళ్ల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయింది. 2000 సంవత్సరంలో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ పిలుపుతో వేలమంది కరసేవకులు బురదలోకి దిగారు. గుర్రపుడెక్కను చేతులతో పీకారు, గట్లు పోశారు, మెట్లు కట్టారు. ఊరి మురుగును బావుల్లో తేర్చి, చెరువుకు మళ్లించి, పొలాలకు పారించే చవకైన పద్ధతిని చేసి చూపించారు. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం స్వయంగా వెళ్లి చూసి వచ్చారు. సీచేవాల్‌కు పద్మశ్రీ వచ్చింది, 2022లో రాజ్యసభ సభ్యత్వమూ వచ్చింది.

ఇంత గౌరవం దక్కిన ఏటికి దక్కనిది ఒక్కటే: ఎగువ పట్టణాల మురుగు ఇకమీదట అందులోకి రాదన్న హామీ. ప్రజలు శుభ్రం చేసిన తర్వాత కూడా ఆ నీళ్లలో చేపలు గుంపులుగా చచ్చి తేలిన వార్తలు చదివాం. కరసేవకుడు బురద ఎత్తగలడు. పురపాలక సంఘం మురుగు గొట్టాన్ని మూయించే అధికారం అతడికి లేదు. ఆ అధికారం ఉన్నవాళ్లు ఏటి గట్టు మీద ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

అదే పంజాబ్‌లో లుధియానా మధ్యగా పారే బుడ్ఢా నాలాది మరో రకం అనుభవం. అద్దకం పరిశ్రమల రంగునీళ్లు, నగరపు మురుగు మోసుకొని ఆ నాలా సట్లెజ్‌లో కలుస్తుంది. దిగువన హరికే నుంచి కాలువలు ఆ నీటినే మాల్వా జిల్లాలకు, రాజస్థాన్‌కు తీసుకెళతాయి. తాగే నీటి కోసం 2024లో ‘కాలే పాణీ దా మోర్చా’ పేరుతో జనం రోడ్డెక్కితే పోలీసులు ఉద్యమకారులను అదుపులోకి తీసుకున్నారు. తట్ట మోసినంత కాలం ప్రజలు పుణ్యాత్ములు. తట్ట దించి, ఈ మురికి ఎవరిదని అడిగిన మరుక్షణం శాంతిభద్రతల సమస్య!

ఇది పంజాబ్‌కే పరిమితమైన కథ అనుకునే తెలుగు పాఠకులు నక్కవాగును గుర్తు చేసుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థాలు ఈ వాగు గుండా మంజీరకు చేరేవి. డాక్టర్ కిషన్ రావు వంటి వైద్యులు, పరిసర గ్రామాల రైతులు దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పరిహారం ఇవ్వమని, ఊళ్లకు రక్షిత మంచినీరు అందించమని ఆదేశాలు వచ్చాయి. ఆ తర్వాత కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ప్రయాణించి 2017లో ముగిసింది. 27 ఏళ్లు! వాగు చెడిన నాడు పుట్టిన పిల్లలు తీర్పు వచ్చేనాటికి తల్లిదండ్రులయ్యారు.

మధ్యలో ఏం జరిగిందో చూడండి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ‘శుద్ధి’ అయిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్క రోజులో బయటికి పోయే ఆ మందు స్వీడన్ దేశమంతా దాదాపు అయిదు రోజుల్లో వాడే పరిమాణానికి సమానమని వారు లెక్కగట్టారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మన ప్రభుత్వం తీరిగ్గా, 2020 జనవరిలో, ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు కనిపించలేదు! ఊరి రైతు సీసా చెల్లదు సరే. విదేశీ విశ్వవిద్యాలయం ప్రయోగశాల చెప్పిందీ చెల్లకపోతే, ఇక చెల్లేదెవరి మాట?

మాట చెల్లిన సందర్భం ఒకటి లేకపోలేదు. ఒడిశాలోని నియమగిరి కొండల నుంచి దిగే వాగులు వంశధారకూ నాగావళికీ నీరు చేరుస్తాయి. శ్రీకాకుళం రైతు పొలంలో ఆ కొండల చెమ్మ ఉంది. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతి నిరాకరించింది. కొండ దిగువన శుద్ధి కర్మాగారం ఆగలేదు, ఉద్యమకారుల మీద నిర్బంధమూ ఆగలేదు. కానీ కొండ మిగిలింది, ఊటలు మిగిలాయి.

నియమగిరి డోంగ్రియా కొంధులకు ఉండి, కాలీ బేయీ కరసేవకులకు, నక్కవాగు రైతులకు లేనిది ఏమిటి? భక్తి కాదు, ఓర్పు కాదు, త్యాగం అంతకన్నా కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం. పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని దాని 5వ సెక్షన్ గ్రామసభ చేతిలో పెట్టింది. అక్కడ నీటి రక్షణ ప్రజలకు విధిగా మాత్రమే కాక హక్కుగా కూడా ఉంది. ఆ ఒక్క తేడాయే ఫలితాన్ని మార్చింది.

ఆ దారిని మైదానాలకు విస్తరించవలసిన పార్లమెంటు సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. 2024 ఫిబ్రవరిలో జల కాలుష్య చట్టాన్ని సవరించింది. తెలిసి తెలిసి వాగులోకి విషం వదిలిన నేరానికి పాత చట్టంలో కనీసం ఏడాదిన్నర, గరిష్ఠంగా ఆరేళ్ల జైలు ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. జరిమానా ఎగ్గొడితేనే జైలు మాట. కొన్ని వర్గాల పరిశ్రమలకు ముందస్తు సమ్మతి అక్కర్లేదని మినహాయించే అధికారం కూడా కేంద్రానికి దఖలు పడింది.

సమర్థకుల వాదన నాకు తెలుసు. చిన్నా చితకా సాంకేతిక లోపాలకు జైలు భయం ఉండకూడదని, పాలనకు విశ్వాసమే పునాది కావాలని అంటారు. పాత శిక్షలు అమలైందెక్కడ, జరిమానా అయితే త్వరగా పడుతుంది కదా అని కూడా అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. జైలుకు వెళ్లిన కాలుష్యకారుడిని వేళ్ల మీద లెక్కపెట్టడమూ కష్టమే. కానీ తాళం తుప్పు పట్టిందని తలుపే పీకేసేవాణ్ణి ఇంటి యజమాని అనం. నివేదిక సకాలంలో పంపకపోవడం చిన్న లోపమే. నది నోట విషం పోయడం ఏ లెక్కన చిన్న లోపం? కోట్ల వ్యాపారం చేసే సంస్థకు 15 లక్షలు శిక్ష కాదు, నిర్వహణ ఖర్చుల పద్దులో ఒక వరుస. శుద్ధి యంత్రాన్ని నడపడం కన్నా జరిమానా కట్టడం చవకైతే, ఏ వ్యాపారి దేన్ని ఎంచుకుంటాడో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు. ఇంతకీ ఈ విశ్వాసం ఎవరి మీద? పరిశ్రమ మాట మీద విశ్వాసం, పల్లె సీసా మీద అవిశ్వాసం!

ఉపాధి మాటేమిటని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పటాన్‌చెరు పరిశ్రమలు వేలమందికి కూడు పెట్టాయి. కానీ నీళ్లు చెడి సాగు పోయిన రైతుదీ ఉపాధే. ఒకరి కూలికి మరొకరి బావిని మూల్యంగా చెల్లించమనడం అభివృద్ధి అనిపించుకోదు.

కావలసినవి మూడు. మొదటిది, సమాచారం. తీవ్ర కాలుష్యం కలిగించే 17 వర్గాల పరిశ్రమలు తమ వ్యర్థాలను ఎప్పటికప్పుడు కొలిచే యంత్రాలు పెట్టుకోవాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. ఆ అంకెలు పంచాయతీ గోడ మీద, ఊరివాళ్లు చదవగలిగే భాషలో కనిపించాలి. 1988 సవరణ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు వెళ్లే పౌరుడు మండలి దగ్గరి నివేదికలు అడగవచ్చు. కానీ ‘ప్రజాప్రయోజనానికి విరుద్ధం’ అనిపిస్తే మండలి నిరాకరించవచ్చని అదే సెక్షన్ అంటోంది. తమ వాగులో ఏముందో ప్రజలు తెలుసుకోవడం ప్రజాప్రయోజనానికి ఎలా విరుద్ధమవుతుంది? ఆ వెసులుబాటును కొట్టివేయాలి. రెండోది, సాక్ష్యం. గ్రామసభ ప్రతినిధుల ఎదుట తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించిన నమూనా చట్టం ముందు చెల్లాలి. మూడోది, సమ్మతి. వాగులోకి వ్యర్థాలు వదిలే అనుమతి ఆ నీటిని వాడుకునే దిగువ గ్రామసభలను అడగకుండా ఇవ్వరాదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. మూడో దానికి నమూనా మన అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. నీరు రాష్ట్ర జాబితాలోని అంశం కనుక 2024 సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేస్తేనే అక్కడ అమలవుతుంది. అంటే మన ఎమ్మెల్యేలు చేతులెత్తవలసిన క్షణం ఒకటి ఉంది. చర్చ లేకుండా, ఒక మధ్యాహ్నం సగం ఖాళీగా ఉన్న సభలో ఆ క్షణం గడిచిపోకూడదు. ఆ తీర్మానం మీద ఏ వైపు నిలిచారో ప్రతి సభ్యుణ్ణీ పేరు పెట్టి అడగాలి.

వచ్చే జల దినోత్సవానికి మళ్లీ ఏదో ఒక వాగు గట్టున వేదిక వేస్తారు. ప్రజల చైతన్యాన్ని పొగుడుతారు, శాలువాలు కప్పుతారు. ఆ శాలువాను మడిచి పక్కన పెట్టి, సీసాలోని నల్లనీళ్లను బల్ల మీద ఉంచండి. ‘ఇది సాక్ష్యమా, కాదా?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పనివాడికి వాగు గట్టున మాట్లాడే అర్హత లేదు.